మా అర పాయింటు



మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని కబురు అందినప్పుడు మా నలుగురికీ ఒకేసారి గుర్తుకొచ్చింది ఆ చదరంగం ఆటే. మేము 2011లో పదో తరగతి ముగించుకుని వెళ్లిన బ్యాచ్ వాళ్లం. ఆ రోజు బల్ల ముందు కూర్చున్నది మాలో ఒక్కడే. కానీ తన పేరు రాయవద్దని వాడే పట్టుబట్టాడు. "ఆడింది మనం, చెయ్యి కలిపింది కూడా మనమే" అన్నాడు. అందుకే దీన్ని మొదటి నుంచి చివరి దాకా 'మేము' అనే రాస్తున్నాము.

అప్పట్లో మన హాస్టల్‌లో ఉన్నది ఒక్కటే చదరంగం బోర్డు. మధ్యలో మడత పడి చిరిగిన అట్ట. దానికి మేము అన్నం మెతుకులతో కాగితం అంటించాము. పావుల్లో రెండు పోయాయి. తెల్ల బంటు బదులు సుద్దముక్క, నల్ల శకటు బదులు రెనాల్డ్స్ పెన్ను నీలం క్యాప్. మాలో కొందరు దాన్ని శకటు అనేవాళ్లం, కొందరు ఒంటె అనేవాళ్లం. ఎవరి ఊరి మాట వాళ్లది. చివరికి మా గదిలో దాని పేరు 'క్యాప్' అని స్థిరపడింది. సాయంత్రం స్టడీ అవర్ అయ్యాక, భోజనం గంట కొట్టే లోపల, ట్రంకు పెట్టె మీద బోర్డు పరిచి ఆడుకునేవాళ్లం. నలుగురు ఆడితే పదిమంది చుట్టూ చేరి సలహాలు చెప్పేవాళ్లు. ఎత్తు వేసి, బాగోలేదనిపిస్తే వెనక్కి తీసుకునేవాళ్లం. అది తప్పని మాకు తెలియదు.

తొమ్మిదో తరగతిలో, 2009లో, మొదటిసారి జిల్లా పోటీలకు వెళ్లాము. సబ్బుకీ నూనెకీ ఇచ్చిన డబ్బులు పొదుపు చేసి ఎంట్రీ ఫీజు కట్టాము. బస్సు చార్జీలు వార్డెన్ గారు తన జేబులోంచి ఇచ్చారు. హాల్లో అడుగుపెట్టాక తెలిసింది, మేము ఆడేది ఒక ఆట, వాళ్లు ఆడేది ఇంకో ఆట అని. మా ఊళ్లలో బంటు మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే జరుగుతుంది. రాజుకు ఆట మొత్తంలో ఒక్కసారి గుర్రంలా దూకే హక్కు ఉంటుంది. అక్కడ బంటు మొదట రెండు గడులు జరగవచ్చు. రాజు దూకడు, దానికి బదులు కాజ్లింగ్ ఉంది. మా ఎదుటి అబ్బాయి రాజునీ ఏనుగునీ ఒకే ఎత్తులో జరిపేసరికి మేము లేచి నిలబడి, "సార్, వీడు ఒకేసారి రెండు పావులు కదిపాడు" అని ఫిర్యాదు చేశాము. హాలంతా నవ్వారు. ఆర్బిటర్ గారు మాత్రం నవ్వకుండా వచ్చి నిబంధన చెప్పి వెళ్లారు. ఇంకొక బల్ల మీద ఒక పావును ముట్టుకుని వదిలేశాము. ముట్టుకున్నది ఆడి తీరాలన్నారు. ఆడాము, మంత్రి పోయింది. నలుగురం ఆడిన ఆటలన్నీ ఓడిపోయాము. తిరుగు బస్సులో ఎవ్వరం మాట్లాడుకోలేదు.

2010 జూన్‌లో హాస్టల్ మళ్లీ తెరిచారు. వేసవి సెలవుల్లో వచ్చిన పేపర్లన్నీ ఆఫీసు గదిలో కట్ట కట్టి ఉన్నాయి. తూకానికి వేసే ముందు అట్టలు వేసుకోవడానికి మాకు కొన్ని ఇచ్చేవారు. ఆ కట్టలో మే 12వ తేదీ ఇంగ్లిషు పేపరు ఒకటి దొరికింది. ఆటల పేజీలో ఆనంద్ ఫోటో, దాని కింద ఒక ఆటలోని ఎత్తులన్నీ వరుసగా అచ్చయి ఉన్నాయి. మాకు అదంతా బీజగణితంలా కనిపించింది. సాయంత్రం ట్యూషన్ చెప్పడానికి వచ్చే లెక్కల సారుకు చూపించాము. ఆయన ఒక్క చూపు చూసి, "గ్రాఫు పేపరు మీద బిందువును ఎలా గుర్తిస్తారో ఇదీ అంతే. అడ్డంగా ఎ నుంచి హెచ్ వరకు, నిలువుగా 1 నుంచి 8 వరకు" అన్నారు. ఆ ఒక్క మాటతో ఎత్తులు చదవడం వచ్చేసింది.

ఆ ఆట కథ కొంచెం చెప్పాలి. 2010 ప్రపంచ చాంపియన్‌షిప్ పోటీ బల్గేరియా రాజధాని సోఫియాలో జరిగింది. అది ప్రత్యర్థి టొపలోవ్ సొంత దేశం. ఐస్‌లాండ్‌లో అగ్నిపర్వతం పేలి, ఆ బూడిద వల్ల యూరప్‌లో విమానాలు ఆగిపోయాయి. ఆనంద్ జర్మనీ నుంచి దాదాపు 40 గంటలు రోడ్డు మీద ప్రయాణం చేసి అక్కడికి చేరాడు. మొదటి ఆట ఓడిపోయాడు. తర్వాత పుంజుకున్నాడు. పదకొండు ఆటలు ముగిసేసరికి ఇద్దరికీ ఐదున్నర చొప్పున సమానం. మే 11న పన్నెండోది, ఆఖరి ఆట. ఆనంద్‌కు నల్ల పావులు.

టొపలోవ్ ఆడినది క్వీన్స్ గాంబిట్. అంటే మంత్రి ముందు బంటును డి4కు జరిపి, తర్వాత సి4 బంటును ఎరగా పెట్టడం. ఆనంద్ ఆ ఎర తీసుకోలేదు. ఇ6 బంటుతో తన డి5 బంటును బలపరిచాడు. ఇది చాలా గట్టి పద్ధతి. కానీ ఒక ఇబ్బంది ఉంది. ఆ ఇ6 బంటే సి8లో ఉన్న సొంత శకటుకు అడ్డం పడుతుంది. నల్ల పావులన్నీ ఇరుకులో పడతాయి. అందరికంటే ఎక్కువ ఇరుకు ఆ శకటుకే. ఆ ఇరుకును వదిలించుకోవడానికి ఆనంద్ ఏడో ఎత్తులో గుర్రాన్ని నేరుగా ఇ4లోకి దూకించాడు. దాంతో శకటుకు శకటు, గుర్రానికి గుర్రం మారిపోయాయి. దీన్ని లాస్కర్ డిఫెన్స్ అంటారు. 1894 నుంచి 1921 దాకా, 27 ఏళ్లు ప్రపంచ చాంపియన్‌గా ఉన్న ఇమాన్యుయేల్ లాస్కర్ పేరు మీద వచ్చింది. ఆయన లెక్కల్లో డాక్టరేటు తీసుకున్నవాడని చెప్పినప్పుడు మా సారు ముఖం వెలిగిపోయింది.

ఈ పద్ధతి మాకు ఎంత సులువుగా అర్థమైందంటే, అది మా గది కథే కదా! ఒక్కో గదిలో ఇరవై ట్రంకు పెట్టెలు. రెండు పెట్టెలు బయట వరండాలో పెడితే మిగిలినవాళ్లు కాళ్లు చాపుకోవచ్చు. లాస్కర్ చెప్పిందీ అదే. ఇరుకుగా ఉంటే పావులు మార్చుకో, చోటు దానంతట అదే వస్తుంది.

ఇక ఆ సి8 శకటు ఏమైందో ట్రంకు పెట్టె మీద ఎత్తు ఎత్తుగా వేసి చూశాము. మా బోర్డు మీద అది పెన్ను క్యాప్ కదా! క్యాప్ ముందు బి7కు వచ్చింది. ఎ6కు వెళ్లింది. డి3కి వెళ్లి మళ్లీ ఎ6కు, అక్కడి నుంచి బి7కు తిరిగొచ్చింది. టొపలోవ్ గుర్రం ఎ5కు వచ్చి తరిమితే, 28వ ఎత్తులో ఎ8కు, బోర్డు మూలకు వెళ్లి కూర్చుంది. "అయిపోయింది రా, క్యాప్‌ను మూల కూర్చోబెట్టారు" అని మేము నవ్వుకున్నాము. 30వ ఎత్తులో ఆనంద్ ఎఫ్5 బంటు నడిపాడు. టొపలోవ్ దాన్ని తీసుకున్నాడు. వెంటనే ఆనంద్ ఇ4కు బంటు తోశాడు. టొపలోవ్ దాన్నీ తీసుకున్నాడు. అదే పెద్ద పొరపాటు. మంత్రి ఇ4లోకి దిగి చెక్ చెప్పింది. తెల్ల రాజు ఇల్లు వదిలి హెచ్3కి, హెచ్4కి పరుగెత్తాల్సి వచ్చింది. 46వ ఎత్తులో, మూలన ఎ8లో కూర్చున్న ఆ శకటే బోర్డు ఈ చివర నుంచి ఆ చివరకు వచ్చి జి2లో తెల్ల మంత్రిని పడగొట్టింది. 56వ ఎత్తుకు టొపలోవ్ ఓటమి ఒప్పుకున్నాడు. ఆనంద్ ఆరున్నర, టొపలోవ్ ఐదున్నర.

పెన్ను క్యాప్ వెళ్లి మంత్రిని కొట్టినప్పుడు గదిలో వేసిన కేకలకు వాచ్‌మన్ తాత కర్ర పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

ఆ ఏడు దసరా సెలవుల తర్వాత మళ్లీ జిల్లా పోటీలకు వెళ్లాము. ఈసారి నిబంధనలు తెలుసు. కాజ్లింగ్ తెలుసు. ఏ చేత్తో ఎత్తు వేస్తే ఆ చేత్తోనే గడియారం నొక్కాలని కూడా తెలుసు. నల్ల పావులు వస్తే ఏం ఆడాలో ఏడో ఎత్తు దాకా కంఠతా వచ్చు. మొదటి రౌండులోనే మాలో ఒకడికి పోటీలోకెల్లా బలమైన అబ్బాయి ఎదురయ్యాడు. పట్నంలో కోచింగ్ తీసుకుంటున్నవాడు, రేటింగ్ ఉన్నవాడు. మెరిసే బూట్లు, పక్కన నీళ్ల సీసా, ఎత్తులు రాసుకోవడానికి విడిగా పుస్తకం. మా కాళ్లకు హవాయి చెప్పులు.

వాడు మంత్రి ముందు బంటును డి4కు జరిపాడు. మా గుండె ఒక్కసారి కొట్టుకోవడం ఆగినట్టయింది. రెండో ఎత్తు సి4. అచ్చం పేపర్లో ఉన్నదే! ఇ6, గుర్రం, శకటు, కాజ్లింగ్, హెచ్6, ఏడో ఎత్తులో గుర్రం ఇ4లోకి. ఆ ఎత్తు వేశాక ఆ అబ్బాయి మొదటిసారి తలెత్తి మా వైపు చూశాడు. శకట్లు మారాయి. తొమ్మిదో ఎత్తుకు మా పేపరు అయిపోయింది. టొపలోవ్ అక్కడ ఏనుగును సి1కు తెచ్చాడు. ఇతను బంటుతో బంటును తీశాడు. ఇక మా సొంత బుర్రే దిక్కు. తొందరపడి బంటును తీయకుండా, ముందు గుర్రంతో గుర్రాన్ని తీసి, ఆ తర్వాత బంటు లెక్క సరిచేశాము. అది సరైన వరుసేనని తర్వాత సారు చెప్పారు.

అప్పటికే మిగతా ముగ్గురం ఓడిపోయి, తాడు అవతల నిలబడి చూస్తున్నాము. మధ్యలో బంట్లు మారాయి. మా శకటు బి7కు చేరింది. దాని దారి తెరుచుకుంది. ఇరవయ్యో ఎత్తు దాటాక ఆ అబ్బాయి ఏమరుపాటులో ఒక బంటు పోగొట్టుకున్నాడు. మా ఏనుగు డి6లో, మంత్రి ఇ7లో. వాడి రాజుకు కాపలాగా ఎఫ్3లో ఒక్క గుర్రం. మా చేతికి మంచి ఆట వచ్చిందని తాడు అవతల ఉన్నవాళ్లకు కూడా తెలుస్తోంది.

అప్పుడు ఆ అబ్బాయి ఎత్తు వేసి, గడియారం నొక్కే ముందు చెయ్యి చాచి, "డ్రా?" అన్నాడు.

మేము ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. బోర్డు వైపు చూడనైనా లేదు. గబుక్కున ఆ చెయ్యి పట్టేసుకున్నాము. ఎక్కడ మళ్లీ వెనక్కి తీసుకుంటాడోనని రెండు చేతులతో పట్టుకున్నాము. తాడు అవతల ముగ్గురం చప్పట్లు కొట్టబోయి, నోరు మూసుకోమని ఎవరో అంటే ఆగిపోయాము. అర పాయింటు! మన హాస్టల్ చదరంగంలో సంపాదించిన మొట్టమొదటి అర పాయింటు!

మిగతా రౌండ్లలో ఏమైందో రాయనక్కర్లేదు. రాత్రి తిరిగొచ్చేసరికి కబురు ముందే చేరింది. వంట అక్క మా కోసం అన్నం తీసి మూత పెట్టి ఉంచింది. వార్డెన్ గారు మిరపకాయ బజ్జీలు తెప్పించారు. చిన్న తరగతుల పిల్లలు చుట్టూ చేరి, "అన్నా, ఎలా ఆడారన్నా?" అని అడుగుతుంటే మేము ఆనందే మనమైనట్టు చెప్పుకొచ్చాము.

లెక్కల సారు బజ్జీ తింటూ, "ఆఖరి పొజిషన్ పెట్టండి చూద్దాం" అన్నారు. పెట్టాము. బి7లో క్యాప్. సారు కాసేపు చూసి, మా వైపు తిప్పి, "నలుపు ఆడాలి. ఏం చేస్తారు?" అన్నారు. ఇంకేమీ చెప్పలేదు.

రెండు నిమిషాలు పట్టలేదు. నలుగురం ఒకేసారి చూశాము. క్యాప్‌తో ఎఫ్3లో గుర్రాన్ని తీసేస్తే, వాడు జి గడి బంటుతో తప్ప తీయలేడు. రాజు ముందు గోడ విరిగిపోతుంది. మంత్రి జి5లోకి వచ్చి చెక్. రాజు మూలకు వెళ్తాడు. డి6లో ఏనుగు అదే వరుసలో జి6కు వస్తుంది. ఇక వాడికి నిలవ నీడ ఉండదు. పైగా బంటు కూడా మాదే ఎక్కువ.

బజ్జీ చేతిలోనే చల్లారిపోయింది.

"ఇక్కడ రెండు నిమిషాల్లో కనిపించింది అక్కడెందుకు కనిపించలేదు రా?" అని అడిగారు సారు. ఆయన గొంతులో కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగారు. చాలాసేపటికి మాలో ఒకడు తల వంచుకుని, "అక్కడ మేము బోర్డు చూడలేదు సార్. వాడిని చూశాము" అన్నాడు.

సారు తల ఊపి, ఇంకో బజ్జీ తీసుకుని, "మంచిది. ఇవాళ నేర్చుకున్న పాఠం అదే" అన్నారు.

ఆ రాత్రి పడుకున్నాక చీకట్లో చాలాసేపు మాట్లాడుకున్నాము. అర పాయింటు తప్పు కాదు. బాగా ఆలోచించి డ్రా ఒప్పుకోవడం పెద్ద ఆటగాళ్లు కూడా చేసే పనే. మేము చేసింది అది కాదు. అంత పెద్దవాడు మాతో చెయ్యి కలపడమే మాకు బహుమతి అనిపించింది. ఓపెనింగ్ పేపరు చూసి నేర్చుకున్నాము. చోటు సంపాదించుకున్నాము. మూలన ఉన్న శకటుకు దారి కూడా తెరిచాము. ఆ చోటు మాది కాదేమోనన్న భయంతో, ఎవరూ లేవమనక ముందే మేమే లేచి వచ్చేశాము.

ఆ రోజు నుంచి మా బ్యాచ్‌లో 'బోర్డు చూడు' అన్నది ఒక సంకేతం అయిపోయింది. పది పాసయ్యాక మాలో ఒకడు ఇంటర్‌లో చేరడానికి వెళ్తే, "నీకు ఎంపీసీ కష్టమబ్బాయ్, హెచ్ఈసీ రాసుకో, హాయిగా పాసవుతావ్" అని అప్లికేషన్ ముందుకు తోశారు ఒకాయన. వాడు పెన్ను తీశాడు కూడా. పక్కన తోడుగా వెళ్లినవాడు చెవిలో "బోర్డు చూడు" అన్నాడు. వాడు పెన్ను జేబులో పెట్టుకుని, "నా లెక్కల మార్కులు ఒకసారి చూడండి సార్" అన్నాడు. ఎంపీసీలోనే చేరాడు. ఇవాళ వాడు ప్రభుత్వ పాఠశాలలో లెక్కల మాస్టారు. ఇంకోసారి, ఉద్యోగంలో చేరిన కొత్తలో, చదవకుండా సంతకం పెట్టమన్న కాగితం ముందు మాలో మరొకడికి ఇదే మాట గుర్తొచ్చింది. ప్రతిసారీ గెలిచామని చెప్పము. చూడకుండా చెయ్యి మాత్రం కలపలేదు.

2024 డిసెంబర్ 12న మేము నలుగురం నాలుగు ఊళ్లలో ఉండి, ఫోన్లలో ఒకే ఆట చూశాము. సింగపూర్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్. చెన్నైలో పుట్టి పెరిగిన తెలుగువారింటి అబ్బాయి గుకేశ్, చైనా ఆటగాడు డింగ్ లిరెన్. అది పద్నాలుగో ఆట, ఆఖరిది. ఇద్దరూ ఆరున్నర చొప్పున సమానం. గుకేశ్‌కు నల్ల పావులు. ఏనుగు, శకటు, కొన్ని బంట్లు మిగిలిన ఆటలో గుకేశ్‌కు ఒక్క బంటు ఎక్కువ. ఇక డ్రాయే అని చూస్తున్నవాళ్లందరూ అనుకున్నారు. గుకేశ్ మాత్రం కుర్చీలోంచి లేవలేదు. ఓడే ప్రమాదం లేనప్పుడు ఎందుకు లేవాలి? ఎత్తు తర్వాత ఎత్తు వేస్తూ పోయాడు. 55వ ఎత్తులో డింగ్ ఏనుగును ఎఫ్2కు జరిపి తప్పు చేశాడు. ఏనుగులు మారాయి, శకట్లు మారక తప్పలేదు, మిగిలిన బంట్ల ఆటలో గుకేశ్‌దే గెలుపు. పద్దెనిమిదేళ్ల వయసులో ప్రపంచ విజేత అయ్యాడు. మా గ్రూపులో ముందుగా వచ్చిన మెసేజ్‌లో ఉన్నది రెండే మాటలు: "బోర్డు చూశాడు."

తమ్ముళ్లూ! ఈ సంచికతో పాటు మా బ్యాచ్ తరఫున నాలుగు చదరంగం బోర్డులు, రెండు గడియారాలు పంపుతున్నాము. పావులన్నీ సరిగ్గా ఉన్నాయి. ఒకటో రెండో పోతే బాధపడకండి, పెన్ను క్యాప్ పెట్టి ఆడండి. మూలన ఉన్నా అది శకటే. ముట్టుకున్న పావును ఆడటం మొదటి రోజు నుంచే అలవాటు చేసుకోండి. ఒక ఓపెనింగ్ ఎంచుకుని, ఎత్తులు బట్టీ పట్టడంతో ఆగకుండా, ఏ ఎత్తు ఎందుకు వేస్తున్నారో ఒకరికొకరు చెప్పుకోండి. పేపరు తొమ్మిదో ఎత్తుకే అయిపోతుంది, ఆ తర్వాత ఆదుకునేది ఆ 'ఎందుకు' ఒక్కటే.

ఎదుటివాడి బూట్లు ఎంత మెరిసినా, వాడు చెయ్యి చాచినప్పుడు మర్యాదగా ఒక్క నిమిషం ఆగమనండి. బోర్డు చూడండి. డ్రా అయితే డ్రాయే, సంతోషంగా చెయ్యి కలపండి. కాకపోతే కూర్చుని ఆడండి. మాకు రావాల్సిన ఇంకో అర పాయింటు ఆ హాల్లోనే ఉండిపోయింది. మీలో ఎవరైనా వెళ్లి తెచ్చుకుంటే, బజ్జీలు మేము తెప్పిస్తాము.

ఇట్లు,
2010–11 పదో తరగతి బ్యాచ్ పూర్వ విద్యార్థులు